మూడు రూపాయల సొరుగు

బుడమేరు ఇంట్లోకొచ్చి వెళ్ళాక
మా ప్లైవుడ్ అల్మరా బూరెలా ఉబ్బింది.
తలుపు తీస్తే పొరలు పొరలుగా ఊడొచ్చింది
పూతరేకు విప్పినట్టు.
కిస్తీలు మాత్రం ఇంకా అయిదు నెలలున్నాయి.

పాతది చూసుకోండి, టేకు చూసుకోండి అన్నాడు
సందు చివర వడ్రంగి బ్రహ్మం,
తన రంపం తుప్పు గీక్కుంటూ.

కిటికీకీ ఫ్రిజ్జుకీ మధ్య ఎంత చోటుందో
పురికొసతో కొలిచి, ముడేసి,
పర్సులో పెట్టుకుని
ఆదివారం నేనూ జోజిబాబూ వించిపేట వెళ్ళాం.
ఖాదర్‌వలీ గారి షెడ్డు.
కాళ్ళు పైకెత్తి పడుకున్న కుర్చీలు,
గుమ్మాల్లేని తలుపులు,
ఎవరి పెళ్ళి మంచమో
నాలుగు ముక్కలై గోడకానుకుని.

మొదటిది రోజ్‌వుడ్డు. పైన నెమళ్ళు, నడుమ నిలువుటద్దం.
అద్దంలో నా నూలు చీర, ప్లాస్టిక్ బుట్ట.
అదే మమ్మల్ని బేరమాడేలా ఉంది.

రెండోదాన్ని చూసి జోజిబాబు ముచ్చటపడ్డాడు.
నేను వెనక్కెళ్ళి చూశాను.
ముందు వైపు నూరేళ్ళు, వెనక వైపు నిరుడు.
మేకులు తళతళ.
పుచ్చు కన్నాలు కూడా వరసలో ఉన్నాయి,
పురుక్కి అంత బుద్ధెక్కడిది?
వేలు తడిచేసి రుద్దితే టీ డికాషన్ రంగు.
"చేపల బజార్లో కూడా ఇట్లాగే చూస్తారామ్మా?"
"మొప్పలెత్తి చూస్తానండీ."
ఖాదర్‌వలీ గారు నవ్వి
గోనెసంచులు తొలగించారు.

నడుమెత్తు బల్ల. కింద రెండు తలుపులు,
పైన పక్కపక్కనే మూడు సొరుగులు.
ఇత్తడి పిడులు రెండే, మూడోదానికి ఉత్త కన్నం.
వేళ్ళలో వేళ్ళు పెనవేసినట్టు కూర్చిన మూలలు.
ఒక్క మేకు లేదు.
కణుపుతో కొడితే గుల్ల పలకలేదు,
బరువుగా ఊఁ అంది.
లోపల ఇంగువ వాసన, దాని కింద ఎక్కడో
కిరసనాయిలు.

పురికొస పరిచాను. ముడి దాకా రెండు వేళ్ళు మిగిలింది.

అప్పుడు చూశాడు జోజిబాబు:
కాళ్ళ చుట్టూ జానెడెత్తున ఒక గీత,
గ్లాసులో ఎండిపోయిన టీ అంచులాగా.
"నీళ్ళల్లో నిలబడిందే ఇది!
మనం పడింది చాలదా?"
ఎప్పటి నీళ్ళో ఖాదర్‌వలీ గారికీ తెలీదు.
బందరు వైపు నుంచి వచ్చిందన్నారు.
ఉప్పెనో, కాలవ గండో.
ఎవరో కడిగి, నీడలో ఆరబెట్టి,
మళ్ళీ ఇంగువ డబ్బా పెట్టుకున్నారు.

ఆ గీత మీద వేలు నడిపాను.
మా గోడ మీద గీత నా గుండెలెత్తు.
మూడుసార్లు రంగేయించాం,
రంగు వెనక నుంచి చూస్తూనే ఉంటుంది.

పధ్నాలుగు వేలన్నారు, పదకొండుకి దిగారు.
ఆటో ట్రాలీ ఖర్చు మాది.

ఎక్కించే ముందు సొరుగులు ఊడదీసి పక్కన పెట్టాం.
పిడి లేని దాన్ని బోర్లిస్తే
అడుగున పెన్సిలు రాత:

కందిపప్పు 2 వీశెలు
చింతపండు
సైదమ్మకి 3 రూ. ఇవ్వాలి

పప్పు కొట్టేసి ఉంది.
చింతపండు కొట్టేసి ఉంది.
సైదమ్మ అలాగే ఉంది.

"ముందే చూపిస్తే ఆ మూడూ తగ్గించేవాణ్ణి"
అన్నారు ఖాదర్‌వలీ గారు, తాడు బిగిస్తూ.

ఇప్పుడది సింగ్‌నగర్‌లో, మా కిటికీ పక్కన,
నాలుగు ఇటికల మీద.
మొదటి సొరుగులో ఇంటి దస్తావేజులు,
ఫ్యాను కింద క్లిప్పులు పెట్టి ఆరబెట్టినవి,
అప్పడాల్లా వంకర్లు పోయినవి.
రెండోదాంట్లో మందులు, టార్చి.
మూడోదాని కన్నంలో
ఆ కొలత పురికొసే దూర్చి ముడేశాను.

మబ్బు పడితే చాలు, బిగుసుకుంటుంది.
అంచులకి కొవ్వొత్తి రాయమన్నాడు బ్రహ్మం.
రాసినప్పుడల్లా బోర్లించి చదువుతాను.
ఎవరమ్మా నువ్వు, పాలా, పిడకలా,
అంట్లు తోమిన జీతమా?

మొన్న జేబులో చిల్లర తీస్తూ జోజిబాబు
మూడు రూపాయి బిళ్ళలు ఏరి అందులో వేశాడు.
నేను చూడలేదనుకున్నాడు.
పురికొస లాగితే
అవి ముందుకి దొర్లుతాయి.